కోడ్ అతని ఫోనుకి వచ్చేది

మెల్‌బోర్న్‌లో దిగిన పూట, ఎయిర్‌పోర్టులో సిమ్ కార్డులు అమ్మే కౌంటర్ పక్కన సూట్‌కేసు మీద కూలబడి ఉన్నాను. విమానంలో కంటిమీద కునుకు లేదు. నా భర్త తన పాస్‌పోర్టు చూపించి రెండు సిమ్‌లు తీసుకున్నాడు, ఒకటి తనకి, ఒకటి నాకు. నేను నా పాస్‌పోర్టు తీయబోతే, "ఒక్కదాని మీదే ఇస్తాడంట, మళ్ళీ నీదెందుకు, పద" అన్నాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. అలసిపోయి ఉన్నాం, బయట బస్సు సిద్ధంగా ఉంది, అంతే.

చదువుకోవడానికి వచ్చింది నేను. అకౌంటింగ్‌లో మాస్టర్స్. వీసా నా పేరు మీద వచ్చింది, అతను నా మీద ఆధారపడిన భర్తగా వచ్చాడు. పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. మా అమ్మ తణుకులో హైస్కూల్లో హిందీ చెబుతుంది. "ఇద్దరూ కలిసి వెళ్తున్నారు, అదే నాకు ధైర్యం" అని అందరికీ చెప్పుకుంది.

నాకిచ్చిన సిమ్ మొదటి వారం పనిచేయలేదు. ఆ వారంలోనే అన్నీ తెరవాల్సి వచ్చింది. బ్యాంకు ఖాతా, యూనివర్సిటీ పోర్టల్, వీసా ఖాతా, కొత్త ఈమెయిల్. ప్రతిచోటా ముందు ఫోన్ నంబరు అడిగేది. నంబరు కొడితే దానికి ఆరంకెల కోడ్ వస్తుంది, ఆ కోడ్ వేస్తేనే ఖాతా తెరుచుకుంటుంది. అతని ఫోన్ పనిచేస్తోంది కాబట్టి అన్నిచోట్లా అతని నంబరే వేశాం. "ఎవరి నంబరైతే ఏంటి, ఇద్దరం ఒకటేగా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది.

టార్నీట్ అనే శివారులో ఒక చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మొదట్లో కోడ్ అడగడం మాకొక ఆట. నేను హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని "కోడ్!" అని అరిస్తే, అతను స్నానం చేస్తూ తలుపు సందులోంచి ఫోన్ చూసి అంకెలు పాటలా చదివేవాడు. తప్పు చదివి ఏడిపించేవాడు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

తరవాత అతనికి వేర్‌హౌస్‌లో పని దొరికింది. ఇండియాలో అతను ఇంజనీరు, కింద మనుషులు పనిచేసేవాళ్ళు. ఇక్కడ పెట్టెలు ఎత్తాలి. తనకంటే చిన్నవాడు చేతిలో స్కానర్ పట్టుకుని "ఫాస్టర్, మేట్" అంటుంటే తలూపాలి. ఇంటికొచ్చాక నడుం పట్టుకుని నేల మీద పడుకునేవాడు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో సరదాకి "భార్య చదువుతుంది, భర్త మోస్తాడు" అని రాశారు. ఆ రోజు అతను అన్నం ముట్టలేదు. అతని బాధ నాకు అర్థమైంది. అది ఏ రూపంలో తిరిగొస్తుందో మాత్రం అర్థం కాలేదు.

పనిలో ఫోన్లు లాకర్లో పెట్టాలి. నాకు పోర్టల్లోకి వెళ్ళాలంటే అతని బ్రేక్ దాకా ఆగాలి. అది సరే, ఎవరి తప్పూ కాదు. కానీ చలికాలం వచ్చేసరికి అతను ఇంట్లో ఉన్నప్పుడూ ఆగాల్సి వచ్చింది. కోడ్ వచ్చిన చప్పుడు నాకు వినిపించేది. అతను ఫోన్ చేతిలోనే పట్టుకుని, "ఇప్పుడెందుకు లాగిన్ అవుతున్నావ్?" అనేవాడు.

"అసైన్‌మెంట్ అప్‌లోడ్ చెయ్యాలండి."

"నిన్న చేశానన్నావుగా."

"అది వేరే సబ్జెక్టుది."

"అయితే ముందు దీనికి చెప్పు. క్లాసు రెండింటికి అయిపోతే ఇంటికి ఐదింటికి ఎందుకొచ్చావ్?"

నేను చెప్పేదాన్ని. లైబ్రరీ, ట్రైన్ లేటు, ఫ్రెండ్‌తో కాఫీ. అన్నీ విన్నాక అంకెలు చెప్పేవాడు. అప్పటికి కోడ్ గడువు అయిపోయేది. మళ్ళీ పంపమని నొక్కాలి. మళ్ళీ ఇంకో ప్రశ్న. నెమ్మదిగా నేను ఏ ఖాతా తెరిచినా ముందు అతనికి సంజాయిషీ ఇచ్చుకోవడం అలవాటైపోయింది. బ్యాంకులో ఎంత ఉందో చూసుకోవాలన్నా అంతే.

యూనివర్సిటీలో స్టూడెంట్ డెస్క్‌కి వెళ్ళి నా నంబరు మార్చమని అడిగాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా, "తప్పకుండా, కన్ఫర్మ్ చేయడానికి పాత నంబరుకి ఒక కోడ్ పంపుతాం" అంది.

"పాత నంబరు నాది కాదు, నా భర్తది" అన్నాను.

"ఫర్వాలేదు, ఆయన్ని అడిగి చెప్పండి."

ఇంటికెళ్ళి అడిగాను. "నా నంబరు తీసేయాల్సిన అవసరం ఏమొచ్చిందిప్పుడు?" అన్నాడు. ఆ తరవాత కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు. వంట చేస్తే తినలేదు. చివరికి నేనే వద్దులెండి అన్నాను.

సెమిస్టర్ చివర్లో ఒక ఆన్‌లైన్ పరీక్ష వచ్చింది. అది పోతే ఆ సబ్జెక్టు పోయినట్టే. అంతకుముందే మరో సబ్జెక్టు పోయింది కాబట్టి యూని నన్ను ఒకసారి హెచ్చరించింది కూడా. ఆ రోజు అతనికి సెలవు, సోఫాలో ఉన్నాడు. పరీక్ష సగంలో ఇంటర్నెట్ తెగిపోయి పోర్టల్ నన్ను బయటకి తోసేసింది. మళ్ళీ లోపలికి వెళ్ళడానికి కోడ్ అడిగింది. అతని ఫోన్ టింగుమంది.

"కోడ్ చెప్పండి, పరీక్ష మధ్యలో ఉన్నాను."

"నిన్న స్టేషన్ దగ్గర ఆ అమ్మాయితో అంతసేపు ఏం మాట్లాడావ్?"

"తరవాత చెప్తాను. ముందు కోడ్ చెప్పండి, ప్లీజ్."

"చిన్న ప్రశ్నేగా. చెప్పేసి వెళ్ళు."

నేను అతని ముందు నిలబడి చెప్పాను. ఇంకోటి అడిగాడు. అదీ చెప్పాను. ఏడ్చాను, చేతులు పట్టుకున్నాను. అతను అరవలేదు, కొట్టలేదు. ఫోన్ బోర్లా పెట్టి, ఒక్కో మాటా నింపాదిగా అడుగుతూ కూర్చున్నాడు. నేను తిరిగొచ్చి చూసేసరికి పరీక్ష సమయం అయిపోయిందని తెర మీద ఉంది. "అయ్యో, అయిపోయిందా?" అన్నాడు. లేచి వెళ్ళి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టుకున్నాడు.

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో నిజంగా కాస్త జాలి ఉంది. అది విన్నాకే నాకు భయం వేసింది.

స్టేషన్ దగ్గర నేను మాట్లాడిన ఆ అమ్మాయి నా క్లాస్‌మేట్. వరంగల్ అమ్మాయి, ఐదుగురితో కలిసి ఒక షేర్ హౌస్‌లో ఉండేది. నాకున్న ఒక్క స్నేహితురాలు. నా సిమ్ పనిచేయడం మొదలయ్యాక ఆ నంబరు మీద చాట్ యాప్ పెట్టుకున్నాను. ఇంట్లో జరిగేదంతా అందులో ఆమెకి రాసేదాన్ని, రాసి చెరిపేసేదాన్ని. అతన్ని మేము 'వార్డెన్' అనేవాళ్ళం. పరీక్ష సంగతి చెబితే ఆమె ఒకటే రాసింది: "ఇగ ఆగకే. బయటికి రా. మా హౌస్‌ల జాగ లేదు గానీ, నాకు తెల్సిన ఆంటీ ఉంది మెల్టన్‌ల. మాట్లాడిన."

శుక్రవారం అతను పనికి వెళ్ళాక పాస్‌పోర్టు, లాప్‌టాప్, రెండు జతల బట్టలు తీసుకుని బయటపడ్డాను. సన్‌షైన్ స్టేషన్‌కి ఆంటీ కారు తీసుకొస్తానంది. ట్రైన్లో కూర్చుని అతనికి మెసేజ్ పెట్టాను. నేను వెళ్ళిపోతున్నానని, వెతకొద్దని. సాయంత్రం అతని షిఫ్టు అయిపోయే వేళకి నా ఫోన్లో సిగ్నల్ పోయింది. ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే అని చూపించింది.

ఆంటీది కాకినాడ దగ్గర ఊరు. వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు, ఆదివారం చర్చిలో తెలుగు పాటలు పాడిస్తుంది. అంకుల్ ట్రక్కు తోలుతాడు, వారంలో సగం రోజులు వేరే రాష్ట్రాలు తిరుగుతుంటాడు. నన్ను చూడగానే ఆంటీ ఏమీ అడగలేదు. "ముందు అన్నం తిను నాన్నా" అంది.

ఆంటీ ఫోన్ నుంచి నా స్నేహితురాలికి చేశాను. "వచ్చేశానే. నా సిమ్ ఆపేసినట్టున్నాడు" అన్నాను. తరవాత అమ్మకి చేశాను. ఎత్తలేదు. అమ్మకి తెలియని విదేశీ నంబర్లు ఎత్తొద్దని చెప్పింది నేనే, అప్పట్లో మోసపు కాల్స్ ఎక్కువగా వస్తుండేవి. సరేలే, నా పరీక్షల టైమని తనకి తెలుసు కదా, రెండు రోజులు ఫోన్ రాకపోయినా కంగారుపడదు అనుకున్నాను. అసలు ఏమని చెప్పాలో కూడా నాకు తెలియలేదు. చెప్పకుండా గడిచిన ప్రతి గంటా కొంత తేలిగ్గానే అనిపించింది.

అతను సిమ్ ఆపలేదు. ఆ సిమ్ అతని పేరు మీద ఉంది కాబట్టి షాపుకెళ్ళి, పోయిందని చెప్పి, అదే నంబరుతో ఇంకో సిమ్ తీసుకున్నాడు. దాన్ని పాత ఫోన్లో వేసి చాట్ యాప్ తెరిచాడు. యాప్ ఆ నంబరుకి కోడ్ పంపింది. కోడ్ వేశాడు. అంతే, యాప్ లెక్కలో అతను నేనైపోయాడు. నా ఫొటో, నా పేరు, నా పరిచయస్తులందరూ. నా పాత సంభాషణలు ఈమెయిల్లో బ్యాకప్ అవుతుంటాయని నాకు తెలియనే తెలియదు. ఆ ఈమెయిల్ తెరవడానికి కోడ్ వెళ్ళేది ఎలాగూ అతని నంబరుకే. ఫోన్లో నేను చెరిపేసుకున్నవి కూడా చాలా వరకు అక్కడ ఉన్నాయి. ఆ రాత్రి కూర్చుని అన్నీ చదివినట్టున్నాడు.

శనివారం పొద్దున్న నా స్నేహితురాలికి నా పేరుతో మెసేజ్ వెళ్ళింది. "సిమ్ మళ్ళీ పనిచేస్తోందే. ఇక్కడి అడ్రస్ ఏంటి.. బ్యాంకుకి ఇవ్వాలి, ఆంటీ నిద్రపోతోంది." నేను రాసినట్టే ఉంది. 'ఏంటి' తరవాత నేను పెట్టే రెండు చుక్కలు కూడా పెట్టాడు. ఆమె కేఫ్‌లో పనిలో ఉంది. కాఫీలు ఇస్తూ ఇస్తూ, ఒంటి చేత్తో అడ్రస్ పంపేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆంటీ చర్చి నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు, బెల్లు మోగింది. ఆంటీ లోపలి తలుపు తీసింది. బయటి జాలీ తలుపుకి తాళం ఉంది. జాలీ అవతల అతను, ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో పాత ఫోన్‌తో నిలబడి ఉన్నాడు.

"నమస్తే ఆంటీ. మా ఆవిడతో మాట్లాడాలి."

నేను హాల్లోనే ఉన్నాను. ఆంటీ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"మాట్లాడనంటుంది బాబూ. వెళ్ళిరా."

"పర్లేదు ఆంటీ. తను మాట్లాడినవి నా దగ్గరున్నాయి. నేనే చదువుతాను."

గుమ్మంలో నిలబడి ఫోన్లోంచి చదవడం మొదలుపెట్టాడు. నేను నా స్నేహితురాలికి రాసిన మాటలు, ఒక్కొక్కటీ, తేదీలతో సహా. 'వార్డెన్ ఇవాళ మంచి మూడ్‌లో ఉన్నాడు, రెండు ప్రశ్నలకే కోడ్ ఇచ్చాడు.' 'ఇతను పక్కన పడుకుంటే నాకు ఊపిరాడట్లేదే.' అంతకంటే లోపలి మాటలు కూడా, ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లకి తప్ప ఎవరికీ చెప్పనివి. పక్కింటాయన గడ్డి కోస్తున్నాడు, ఆ మిషను చప్పుడు మించి వినపడాలని గొంతు పెంచి చదివాడు. మధ్యలో ఒకచోట అతని గొంతు వణికింది. నాకు ఒక్క క్షణం అతని మీద జాలి కూడా వేసింది. వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

ఆంటీ మాటలు అక్కడికి వినపడుతున్నాయి. "బాబూ, అవి ఆ అమ్మాయి మాటలు. నువ్వెందుకు చదువుతున్నావ్?"

"సిమ్ నా పేరు మీద ఉంది ఆంటీ. నేను దొంగతనమేమీ చెయ్యలేదు."

ఆంటీ పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళొచ్చేదాకా అతను మెట్టు దిగలేదు. ఒక ఆడ ఆఫీసరు, ఒక మగ ఆఫీసరు వచ్చారు. అతను వాళ్ళకి కూడా ఇంగ్లీషులో అదే చెప్పాడు, పాస్‌పోర్టు చూపించి, సిమ్ కొన్న రసీదు చూపించి. ఆఫీసరు నన్ను అడిగింది: "ఆ నంబరు ఎవరిది?"

"నాది. కానీ ఆయన పేరు మీద ఉంది" అన్నాను.

ఆమె రాసుకుంది. రాసుకుంటూ ఒక్కసారి పెన్ను ఆపింది. ఇంటికొచ్చి బెదిరించినందుకు వాళ్ళు చర్య తీసుకోగలమన్నారు, తీసుకున్నారు కూడా. కొన్నాళ్ళకి కోర్టు అతన్ని నా దగ్గరికి రావొద్దని ఆర్డరిచ్చింది. నంబరు సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. రికార్డుల్లో అది అతనిదే.

సోమవారం ఆంటీ నన్ను షాపుకి తీసుకెళ్ళి, తన పాస్‌పోర్టు మీద కాదు, నా పాస్‌పోర్టు మీదే సిమ్ ఇప్పించింది. దాంతో అమ్మకి వీడియో కాల్ చేశాను. మళ్ళీ ఎత్తలేదు. పిన్నికి చేస్తే, ఆవిడ అమ్మ పక్కనే ఉండి ఎత్తింది.

అమ్మ తెర మీదకొచ్చి నన్ను చూసి, "ఇదేంటే, ఫోన్లో మైకు పాడైంది, మెసేజ్‌లే పెడతానన్నావు. కొత్త నంబర్లు ఎత్తొద్దన్నావు" అంది.

"ఎప్పుడన్నానమ్మా?"

"శుక్రవారం నుంచీ రోజూ మాట్లాడుకుంటున్నాంగా. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నావు. చదువుకుంటున్నానన్నావు."

జరిగింది చెప్పాను. సూటిగా, వరసగా చెప్పాను. అమ్మ వింటూ వింటూ ఫోన్ కొంచెం దూరం జరిపింది. "అయితే నేను చెప్పింది నీకు కాదా?" అంది.

"ఏం చెప్పావమ్మా?"

అమ్మ పిన్ని వైపు చూసింది. పిన్నికి కూడా అప్పటిదాకా తెలియదు. అమ్మకి రొమ్ములో గడ్డ కనబడింది. డాక్టరు ముక్క తీసి పరీక్షకి పంపాడు. నాన్నకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. శనివారం నా పేరుతో మెసేజ్‌లు వస్తుంటే ధైర్యం చేసి మొదటిసారి నాకు చెప్పుకుంది. భయంగా ఉందే అని రాసింది. దానికి అతను, "ఏం కాదమ్మా, టెన్షన్ పడకు. దేవుడున్నాడు. నేనున్నాను" అని జవాబిచ్చాడు. ఆ మాట చదువుకుని ఆ రాత్రి అమ్మ హాయిగా నిద్రపోయిందట.

అతను ఎందుకలా రాశాడో నాకు ఈనాటికీ తెలియదు. నేనే అనిపించుకోవడానికి రాశాడేమో. నిజంగానే ఓదార్చాడేమో. అమ్మంటే అతనికి ఇష్టం ఉండేది. ఏదైనా, ఆ మాట నేను చెప్పాల్సింది. ఆ భయం నేను వినాల్సింది.

బ్యాంకు తేలిగ్గా తేలింది. బ్రాంచికి వెళ్ళి పాస్‌పోర్టు ఇస్తే మొహం చూసి నంబరు మార్చారు. ఈమెయిల్ తిరిగి రాలేదు. దాని వెనక మనిషి లేడు, పాత నంబరుకి కోడ్ పంపుతాననే పేజీ తప్ప. యూని వాళ్ళు నా చదువు గురించి వివరణ అడుగుతూ పంపినవన్నీ ఆ ఈమెయిల్‌కే వెళ్ళాయి. నేను చూసుకునేసరికి గడువు దాటిపోయి నా ఎన్‌రోల్‌మెంట్ రద్దయింది. ఒక స్టూడెంట్ కౌన్సెలర్ పోలీసుల కాగితాలు జతచేసి నా తరఫున పోరాడింది. తిరిగి చేర్చుకున్నారు గానీ, ఆ రద్దు వల్ల వీసా చిక్కులో పడింది, అది తేలేదాకా దేశం దాటొద్దని ఇమిగ్రేషన్ వాళ్ళు అన్నారు. అమ్మ ఆపరేషన్ అప్పుడే జరిగింది. నేను మెల్టన్‌లో ఆంటీ వంటింట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పిన్ని ఆసుపత్రి వరండాలోంచి ఉండుండి, "ఇంకా లోపలే ఉంది" అని చెబుతూ ఉంది.

అమ్మ బతికింది. కోలుకుని మళ్ళీ బడికి వెళ్ళింది. కానీ ఒంట్లో బాగోని సంగతి నాకు మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. వీడియోలో ఎదురుగా కనబడుతున్నా, ఏదో చెప్పబోయి ఆగుతుంది. "సర్లే, నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం" అంటుంది.

నా స్నేహితురాలికి ఆ ఆదివారం సాయంత్రమే తెలిసింది. పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆంటీ ఇంటి మెట్ల మీద కూర్చుని, "నేనే పంపిన్నే. నేనే పంపిన" అంటూ తల పట్టుకుంది. "నా పేరుతో వస్తే నువ్వేం చేస్తావే, నేనైనా పంపేదాన్ని" అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె వినలేదు. ఆమె దిగులు అడ్రస్ గురించి మాత్రమే కాదని తరవాత అర్థమైంది. నేను రాసిన వాటితోపాటు ఆమె నాకు రాసినవీ అందులో ఉన్నాయి, తన ఇంటి సంగతులు, తనకి నచ్చిన అబ్బాయి సంగతులు. అవన్నీ అతను చదివాడు. నన్ను చూసినప్పుడల్లా అది ఆమెకి గుర్తొచ్చేది కాబోలు. క్లాసులో దూరంగా కూర్చోవడం మొదలుపెట్టింది. నాకు మెసేజ్‌లు రాయడం మానేసింది. చదువయ్యాక సిడ్నీ వెళ్ళిపోయింది.

ఇప్పుడు అక్కడే క్వేకర్స్ హిల్‌లో ఉంటోంది. పెళ్ళైంది, ఒక పాప. ఒకసారి పని మీద సిడ్నీ వెళ్ళినప్పుడు ఫోన్ చేస్తే ఇంటికి రమ్మంది. వెళ్ళాను. బగారన్నం వండింది. పాప నాకు ఇంగ్లీషులో తన బొమ్మల పేర్లన్నీ చెప్పింది. ఎండల గురించి, ఇళ్ళ అద్దెల గురించి మాట్లాడుకున్నాం. ఆమె భర్త మంచివాడిలాగే కనిపించాడు. నేను బయల్దేరేటప్పుడు ఆమె కారు దాకా వచ్చింది. ఏదో అడగాలని ఇద్దరికీ ఉంది. "జాగ్రత్తగ పో" అంది. సరేనన్నాను. వీధి మలుపు తిరిగేదాకా అద్దంలో చూస్తూనే ఉన్నాను, ఆమె అక్కడే నిలబడి ఉంది.